ఇంజనుకు వేసిన అక్షింతలు

లెక్కల మాస్టరుకు వ్యాను ఎందుకని జహీరాబాద్‌లో నన్ను అడగని మనిషి లేడు. మా ఆవిడ అందరికంటే ముందు అడిగింది, అందరికంటే ఎక్కువ రోజులు అడిగింది. ఆ బండి పల్లెలు తిరిగి వైద్యం చేసే ఒక విదేశీ డాక్టరుది. ఆయన ఎక్కడ పొద్దుగూకితే అక్కడ అందులోనే పడుకునేవాడు. అందుకని లోపల మడిచే మంచం, చేతులు కడుక్కునే రేకు తొట్టి, నీళ్ల ట్యాంకు, స్టవ్వు పెట్టుకోవడానికి చెక్క గూడు, కిటికీలకు పూలపూల పరదాలు అన్నీ ఉండేవి. ఆయన తన దేశం వెళ్లిపోతూ అమ్మకానికి పెడితే, నేను కొన్నాను. కొన్న పన్నెండో రోజున దాని ఇంజను చచ్చిపోయింది.

నేను షోకుకు కొనలేదు. మా అమ్మ కోసం కొన్నాను. నాకు నాలుగో ఏట ఒళ్లంతా అమ్మవారు పోసి, కళ్లు కూడా తెరవలేని స్థితిలో ఉంటే, పిల్లాడు బతికితే పండరికి తీసుకొచ్చి నీ పాదాల మీద వేస్తానని ఆమె మొక్కుకుంది. పిల్లాడు బతికాడు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాయి, ముందు జుట్టు కూడా పోయింది. మొక్కు మాత్రం అట్లాగే ఉంది. ఎందుకంటే మా నాన్న పోయిన తర్వాత ఆమె తులసిమాల వేసుకుంది. మాల వేసుకున్నప్పటి నుంచి తన చేత్తో వండుకున్నది తప్ప ఇంకొకరి చేతి మెతుకు ముట్టదు, బయట చాయ్ కూడా తాగదు. ఒకసారి బస్సులో తీసుకెళ్లబోతే హుమ్నాబాద్ బస్టాండులోనే కళ్లు తిరిగి పడిపోయింది. అక్కడి నుంచే వెనక్కి తెచ్చుకున్నాను.

ఆ ఏడు ఆమె రెండు కళ్లలోనూ మోతిబిందు ముదిరి తెల్లటి పొర కమ్మింది. దవాఖానకు పోదాం రా అంటే ముందు పండరి, తర్వాతే దవాఖాన అంది. కత్తి పెట్టాక చూపు ఉంటుందో పోతుందో ఎవరికి తెలుసు, అదీ ఆమె భయం.

"మనిషి ముఖమే నాకు మసక మసక కనవడుతుంది. ఇంకో ఏడు ఆగితే దేవుడు ముందట నిలవడ్డా రాయి అనుకుంట" అంది.

ఆ మాట విన్న తర్వాతే వ్యాను కొన్నాను. ఆషాఢ ఏకాదశికి పండరిలో ఉండాలి, దారిలో ఆమె తన స్టవ్వు మీద తను వండుకోవాలి. ఇంత సులువైన లెక్క బళ్లో ఆరో తరగతి పిల్లలకు కూడా ఇవ్వను అనుకున్నాను. ఆ గర్వానికి నాకు పడవలసిందే పడింది.

బొంబాయి రోడ్డు పక్కన తుమ్మచెట్టు కింద రేకుల షెడ్డులో ఒక ఉస్తాద్ ఉండేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఒకటే ఖాకీ చొక్కా. హైదరాబాదు నుంచి షోలాపూర్ దాకా తిరిగే లారీ డ్రైవర్లు, బండిలో ఏదైనా చప్పుడు తేడాగా వస్తే ఆయన షెడ్డు దాకా ఈడ్చుకొచ్చేవాళ్లు గాని మధ్యలో ఇంకొకరికి చూపించేవాళ్లు కాదు. ఆయన మా వ్యాను ఇంజను మీద చెయ్యి పెట్టి, కాసేపు చూసి, ఇది పెట్రోలు తాగే సీమ ఇంజను, దీని సామాను ఈ దేశంలో దొరకదు, తీసి పారేసి డీజిల్ ఇంజను కూర్చోబెడదాం అన్నాడు. ఎన్ని రోజులు పడుతుందంటే, జుమ్మా తర్వాత ఇచ్చేస్తా సార్ అన్నాడు. ఏ శుక్రవారం జుమ్మా అని నేను అడగలేదు. అడగాల్సింది.

ఎండాకాలం సెలవులు మొత్తం ఆ షెడ్డులోనే కరిగిపోయాయి. రోడ్డు మీద బోల్తాపడ్డ ఒక చిన్న లారీ ఇంజను బీదర్ పాత సామాన్ల దుకాణంలో దొరికింది. దాన్ని ముక్కముక్కలుగా విప్పాడు. బోరు చేయించడానికి హైదరాబాదు పంపాడు. పిస్టన్లు వచ్చాయి, రింగులు రాలేదు. రింగులు వచ్చాయి, అవి వేరే సైజువి. ఇంజను కూర్చోవాల్సిన చోట పాత దానికంటే ఇది జానెడు ఎత్తు. దాంతో ముందు సీట్ల మధ్య ఇంజనును కప్పే డబ్బా కోసి పెంచాలి. డబ్బా పెంచితే స్టవ్వు గూడు వెనక్కి జరగాలి. గూడు జరిపితే మా అమ్మ ఒప్పుకోదు, ఎందుకంటే తూర్పు ముఖం పెట్టి వండుకోవాలి. నడిచే బండికి తూర్పేమిటే అమ్మా అని నేను నెత్తి కొట్టుకుంటే, వండేటప్పుడు ఆపుతరు గద, ఆపినప్పుడు తూర్పుకు తిప్పి ఆపండ్రి అంది. ఉస్తాద్ నవ్వలేదు. గూడుకు కింద ఇనుప చక్రం పెట్టి, బండి ఎటు నిలిచినా స్టవ్వు తూర్పుకు తిరిగేట్టు చేసి ఇచ్చాడు. ఆ పనికి ఇంకో నాలుగు రోజులు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

రోజూ పోయేవాణ్ణి. రోజూ అరిచేవాణ్ణి. ఆయన ఇంకో ఉతికిన గుడ్డ తీసి, తుడిచిన ముక్కనే మళ్లీ తుడిచేవాడు. ఇంజను లోపల ఇసుక రవ్వ అంత దుమ్ము పడ్డా పని ఖరాబు అవుతుందని చెప్పేవాడు. తుడిచిందే తుడుస్తూ కూర్చుంటే పండరికి ఎప్పుడు పోతామయ్యా అని నేను దులిపేసేవాణ్ణి.

బడి తెరిచారు, వానలు మొదలయ్యాయి. చివరికి ఒక శుక్రవారం పొద్దున, ఇంజను కింది భాగమంతా అయిపోయింది, నమాజు నుంచి వచ్చాక పైన మూతగా హెడ్డు బిగిస్తానని కబురు పంపాడు. ఆ మాట మా అమ్మ చెవిన పడింది. వెంటనే పంతులును అడిగి ముహూర్తం పెట్టించింది. సరిగ్గా మధ్యాహ్నం, ఉస్తాద్ మసీదులో ఉండే వేళ. నేను భోజన విరామంలో బడి నుంచి వచ్చి, అమ్మనూ మా ఆవిడనూ తీసుకుని షెడ్డుకు వెళ్లాను. ఉస్తాద్ అప్పుడే చేతులు కడుక్కుని బయల్దేరుతున్నాడు. ఇంజను మీద తెల్లటి పాత లుంగీ ఒకటి నాలుగు మడతలు వేసి కప్పి ఉంది. పూజ చేసుకోండి అమ్మా, గుడ్డ మాత్రం కదపకండి అని చెప్పి వెళ్లాడు.

అమ్మ కొబ్బరికాయ కొట్టింది, ఊదువత్తి వెలిగించింది. అక్షింతల పళ్లెం చేతిలోకి తీసుకుని, ఆ గుడ్డ తియ్యిరా అంది. ఉస్తాద్ తియ్యద్దన్నాడు కదా అన్నాను.

"మూత పెట్టినంక దీవిస్తే లోపలికి ఎట్ల పోతదిరా? బిడ్డ కడుపుల ఉన్నప్పుడే దీవించాలె" అంది.

చెప్పొద్దూ, నాకు బడి గంట తొందర. ఆమెతో వాదించే ఓపిక మూడు నెలల క్రితమే అయిపోయింది. గుడ్డ తీశాను. ఆమె గుప్పెడు వేసింది. మా ఆవిడ వేసింది. పక్క దుకాణం నుంచి చూడ్డానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు వేశారు. పళ్లెం నా ముందుకు వస్తే నేను కూడా వేశాను. పసుపు కలిపిన బియ్యం నల్లటి ఇనుము మీద టపటపా రాలింది. అమ్మ కళ్లు తుడుచుకుంది. వాళ్లను ఇంటికి పంపించి, పిస్టన్ల మీద కనబడ్డ గింజలన్నీ నా రుమాలుతో ఏరేశాను. అక్కడక్కడ వేలు పట్టే పాటి గుంటలు ఉన్నాయి, కిందికి పోయేవి. వాటిలోకి తొంగి చూశాను. చీకటిగా ఉంది. ఏమీ కనబడలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను. మళ్లీ గుడ్డ కప్పేశాను.

ఉస్తాద్ వచ్చాడు. గుడ్డ ఎత్తాడు. ముక్కు దగ్గరగా పెట్టి వంగి, కొంచెంసేపు అట్లాగే ఉండి నా వైపు చూశాడు.

"సార్, ఇండ్ల ఎవరన్న ఏమన్న ఏసిన్రా?"

వేశామంటే మళ్లీ మొదటి నుంచి విప్పుతాడు. మళ్లీ జుమ్మా తర్వాత అంటాడు. ఏకాదశికి ఇంకా పదిహేను రోజులే ఉంది. బళ్లో గంట కొట్టేశారు.

"ఏమీ వెయ్యలేదు. నువ్వు ముందు పని కానియ్యి" అన్నాను, కసిరినట్టుగానే అన్నాను.

ఆయన తలూపి హెడ్డు బిగించాడు.

నాలుగో రోజున బండి కదిలింది. కొత్తగా కట్టిన ఇంజను, నిదానంగా కొంత దూరం తిప్పుకు రండి అని ఆయన చెబితే, అమ్మను, మా ఆవిడను ఎక్కించుకుని బీదర్ రోడ్డు పట్టాను. వాన వెలిసింది. కంది మొలకలు వచ్చాయి. అమ్మ కిటికీ పరదా పక్కకు జరిపి, ఎర్రమట్టి దాటి నల్లమట్టి ఎక్కడ మొదలవుతుందో అడుగుతూ కూర్చుంది. నాకు చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది. సగం దారి దాటాక ఇంజను లోపల ఎవరో సుత్తితో కొడుతున్న చప్పుడు మొదలైంది. నూనె అందకపోతే వెలిగే ఎర్ర దీపం వెలిగింది. ఆపేలోగా ఒక్కసారి గట్టిగా కీచుమని, బండి ఉన్నచోటనే బిగుసుకుపోయింది.

కబురు అందుకుని ఉస్తాద్ ఒక లారీ ఎక్కి గంటలో వచ్చాడు. ఇంజను చేత్తో తిప్పబోయాడు, తిరగలేదు. నూనె పైకి ఎక్కలేదు సార్, బేరింగు పట్టేసింది, షెడ్డుకు తీసుకుపోదాం, ఇప్పి చూస్తా అన్నాడు. అప్పుడు నేను మొదలుపెట్టాను. ఆగిన లారీల వాళ్లు ఉన్నారు, పొలాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు, మా అమ్మ ఉంది. మూడు నెలలుగా నోట్లో ఉన్నదంతా ఆ రోడ్డు మీద కక్కేశాను. నీకు పని రాదన్నాను. ముసలిదాని మొక్కును మట్టి చేశావన్నాను. నీ చేతిలో బండి పెట్టినవాడికి బుద్ధి లేదన్నాను. అక్షింతల సంగతి ఆ సమయంలో నాకు గుర్తుకు రాలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. గుర్తుకు వచ్చింది. వచ్చినకొద్దీ ఇంకా గట్టిగా అరిచాను.

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. నా చేతి పనిలోనే ఏదో తప్పు ఉండొచ్చు అన్నాడు. వచ్చిన లారీలోనే వెనక్కి వెళ్లిపోయాడు. నేను పంతం కొద్దీ ట్రాక్టరు కట్టించి బండిని బీదర్ లాక్కుపోయాను. ఆ నాలుగు రోజులు జహీరాబాద్ చౌరస్తా హోటల్లో కూర్చుని వచ్చిన ప్రతివాడికీ ఉస్తాద్ పని ఎట్లాంటిదో చెప్పాను. రెండు లారీలు ఆయన షెడ్డు ముందు ఆగకుండా వెళ్లిపోవడం నా కళ్లతో చూశాను. చూసి, తగిన శాస్తి అనుకున్నాను.

ఐదో రోజున బీదర్ మేస్త్రీ రమ్మంటే వెళ్లాను. ఆయన ఇంజను కింద నూనె ఉండే చాంబరు విప్పి నేల మీద పెట్టి ఉన్నాడు. నూనె పీల్చుకునే జాలీని తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని నిండా నూనెకు నల్లబడ్డ బియ్యం గింజలు. గోరుతో ఒకదాన్ని గీకితే లోపల పసుపు.

"ఎవరి పెండ్లి చేసిన్రు సార్ ఇండ్ల?" అన్నాడు.

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను ఎటు చూడాలో తెలియక ఆ గింజలను కాగితంలో పొట్లం కట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. మీరే బాగుచేసి ఇవ్వండి అని అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఈ బండికి ఈ ఇంజను కూర్చోబెట్టినాయన ప్రతి ఇనుప పట్టీ తన చేత్తో కోసి చేసుకున్నాడు, ఇంత శుభ్రమైన పని నేను చూడలేదు, బేరింగులు తప్ప ఏమీ పాడుకాలేదు, ఆయన దగ్గరికే తీసుకుపోండి అన్నాడు. నా మొహం మీద ఉమ్మేసినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ట్రాక్టరు మళ్లీ కట్టించి, బండిని తుమ్మచెట్టు కిందికే తెచ్చాను. దారి పొడుగునా ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. ఉస్తాద్ ఎదురుగా నిలబడేసరికి నా నోటి వెంట వచ్చింది ఇది: చాంబర్లో ఏదో చెత్త పడిందట, కొంచెం చూడు. ఆయన ఏ చెత్త అని అడగలేదు. ఏకాదశి ఎప్పుడని మాత్రం అడిగి, పనిలోకి దిగాడు. నేను బడి కాగానే వెళ్లి చాయ్ తెప్పించేవాణ్ణి, సుత్తి అందించేవాణ్ణి, దీపం పట్టుకునేవాణ్ణి. క్షమించమనే మాట ఒక్కటి తప్ప అన్నీ చేశాను. మాస్టర్ని కదా. తప్పు దిద్దడమే గాని ఒప్పుకోవడం అలవాటు లేదు.

ఇంట్లో అమ్మకు కూడా నూనె పంపు పాడైందని చెప్పాను. తన దీవెన వల్లే బండి ఆగిందంటే ఆమె తట్టుకోలేదని, అందుకే దాస్తున్నానని నా మనసుకు సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. ఆమెకు తెలిస్తే ఉస్తాద్‌ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి వచ్చి నాకే తగులుతాయన్నది తక్కిన సగం.

దర్శనం జరిగింది. ఆమె ఇటుక మీద నిలబడ్డ దేవుణ్ణి రెండు కళ్లతో చూసింది, నన్ను మెడ పట్టుకుని ఆ పాదాల మీద వంచింది. దాని గురించి ఆమె ఊరంతా చెప్పింది, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాకు చెప్పాల్సి ఉన్నది బయల్దేరిన పొద్దుటి సంగతి.

ఇంజను బిగించడం అయిపోయింది. డబ్బా మూత వేశారు. వారం తర్వాత మొదటిసారి షెడ్డు ముందు మూడు లారీలు ఆగి ఉన్నాయి, డ్రైవర్లు బీడీలు కాలుస్తూ చూస్తున్నారు. ఉస్తాద్ బండి నడపడానికి తానే వస్తానన్నాడు. కొత్త బేరింగులు, సార్ చేతికి ఇవ్వలేనన్నాడు. మా ఆవిడ సామాను సర్దింది. అమ్మ అక్షింతల పళ్లెం పట్టుకుని బండి దిగింది. అమ్మా, మూత వేసేశారు, ఇంక తియ్యరు అన్నాను. ఆమె నా మాట వినిపించుకోకుండా తడుముకుంటూ బండి ముందు నుంచి నడిచి, ఖాకీ చొక్కా కనిపించిన వైపు వెళ్లింది.

"జర తల వంచు కొడుకా. పోయినసారి ఎయ్యరాని కాడ ఏసిన" అంది.

ఉస్తాద్ ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత తల వంచాడు. ఆమె పళ్లెంలో చెయ్యి ముంచి, ఆయన టోపీ మీద, భుజాల మీద, రెండు గుప్పిళ్లు నిండుగా వేసింది. నేను అవతల బిత్తరపోయి నిలబడ్డాను. చొక్కా ఉతకడానికి తీసినప్పుడు జేబులోని పొట్లం ఆమె చేతికి తగిలిందని మా ఆవిడ నాకు తర్వాత చెప్పింది. కళ్లు కనబడకపోయినా బియ్యం గింజ వేళ్లకు తెలియదా.

నేను కూడా ముందుకు వెళ్లి తల వంచాను. బయల్దేరేటప్పుడు నన్ను దీవించకుండా ఆమె ఎప్పుడూ లేదు. ఆమె నా పక్క నుంచి నడిచి వెళ్లి, బండి మెట్టు మీద పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి ఎక్కలేదు.

ఇంక తప్పించుకోవడానికి చోటు లేదు. లారీ డ్రైవర్లకు వినబడేట్టే చెప్పాను. ఇంజనులో అక్షింతలు వేసింది మేమే, గుడ్డ తీసింది నేను, ఉస్తాద్ అడిగితే లేదన్నది నేను, రోడ్డు మీద తిట్టింది నేను, ఆయన పనిలో వెంట్రుక వాసి తప్పు లేదు. తప్పయింది ఉస్తాద్ అన్నాను.

ఆయన భుజం మీది గింజలు రాల్చలేదు.

"నాకు ఎరుకే సార్. ఆ దినమే పసుపు వాసనొచ్చింది. అందుకే అడిగిన. మీరు లేదన్నరు. పోరగాండ్లకు సదువు చెప్పే సారు, అబద్ధం ఎందుకాడుతడు అనుకున్న."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెప్పి, వెళ్లి బండి స్టార్టు చేశాడు. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది.

అమ్మ అప్పుడు లేచింది. తడుముకుని నా తల దొరకబుచ్చుకుని, పళ్లెం వంచి దులిపింది. నా మీద నాలుగైదు గింజలు పడ్డాయి. పళ్లెంలో అంతకంటే మిగల్లేదు.